తేమ యంత్రము – దాని లోపలి లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఇటువంటి యుత్సవములయందు గ్రంథపఠనము వలని ప్రయోజనములను గూర్చి ప్రసంగించుట ఆచారము. ఆ విషయమును నాకంటె బాగుగా చెప్పగల పెద్దలు ఈ వేదికపై నలుగురు కలరు. కార్యవర్గమువారు నాకు వేరొక పని యొప్పగించిరి. మన గ్రంథాలయమునకు వచ్చు బాలురు కొందరు ఈ బల్లపై నొక చిన్న యంత్రమును కూర్చి యుంచినారు. అరచేతిలో నిముడు పలక యొకటి. దానినుండి మూడు తీగెలతో వ్రేలాడు నీలపు బిళ్ళ యొకటి. వరుసకు పదునారు చొప్పున రెండు వరుసల యక్షరములు పట్టు చిన్న యద్దమొకటి. ఈ గదిలోని గాలికి తేమ యెంత, వేడిమి యెంత యను సంగతి ఆ యద్దముపై అంకెలుగా కనబడుచున్నది. అది యెట్లు కనబడుచున్నదో లెక్కలు వ్రాయువాని భాషలో చెప్పవలసినదని వారి కోరిక.

కరణపు టుద్యోగములు 1984లో రద్దయి నలువది యేండ్లు దాటినను, ఊరి లెక్కలు వ్రాయు నావంటివానిని జనులు నేటికిని కరణముగారనియే పిలుతురు. ఆ పిలుపులో గౌరవమెంతయో అనుమానమును అంతే యుండును. నేను వ్రాసిన యంకెను ఇద్దరు ముగ్గురిచేత చదివించుకొని గాని సంతకము చేయనివారు ఈ సభలోనే కలరు. వారే యొక యంత్రపు టద్దముపై మెరసిన యంకెను మాత్రము మారుమాట లేక యొప్పుకొనుచున్నారు. ఈ పక్షపాతము నాకు కొంచెము కష్టముగానే యున్నదని మనవి చేయుచున్నాను.

నేను చెప్పబోవునది ధాన్యపు తేమను గూర్చి. మనది పెన్న నీటిపై బ్రదుకు ప్రాంతము. 2022 సెప్టెంబరు 6వ తేదీన మన సంగము బ్యారేజి ప్రారంభమైనది. అంతకు పూర్వము ఇంగ్లీషువారి కాలపు టానకట్ట మనకు దిక్కు. నీరు వచ్చుటకును, నారు పోయుటకును మనము పడు పాట్లు మీరెరుగనివి కావు. కాని ఇంత కష్టము పడి పండించిన పంట కల్లము దాటిన పిమ్మట, కాటా యెక్కుటకు ముందు, ఒక్క పిడికెడు గింజలను యంత్రములో పోయుదురు. అరనిమిషములో అద్దముపై అంకె వచ్చును. ప్రభుత్వ కొనుగోలు నిబంధనల ప్రకారము ధాన్యమునకు గరిష్ఠ తేమ నూటికి 17. అంకె అందులోపల నున్నచో బస్తాలు కదలును. దాటినచో ఆరబెట్టుకొని రమ్మందురు. లేదా తరుగు తీయుదురు. కోత యంత్రము వచ్చిన తరువాత పచ్చిగింజ నేరుగా బస్తాకెక్కుచున్నది గనుక ఈ వివాదము మరింత పెరిగినది.

ఒక్క శాతమునకు విలువ యెంత? మన నెల్లూరు సీమలో ధాన్యపు బేరము నేటికిని పుట్టి లెక్కనే సాగుచున్నది; పుట్టి యనగా 850 కిలోలు. 17 శాతము తేమగల పుట్టిలో నీరు 144 కిలోల 500 గ్రాములు, తక్కిన 705 కిలోల 500 గ్రాములు గింజ. అదే పుట్టి 18 శాతము తేమతో నున్నచో అందులోని గింజ 697 కిలోలు మాత్రమే. ఆ గింజను 17 శాతపు తేమకు ఆరబెట్టినచో తూకము సుమారు 839 కిలోల 760 గ్రాములగును. కనుక ఒక్క శాతము తేమకు న్యాయముగా పోవలసిన తరుగు పుట్టికి 10 కిలోల 240 గ్రాములు. నూటికొకటి గనుక ఎనిమిదిన్నర కిలోలని కొందరు రైతులు వాదింతురు. ఆ వాదము నిలువదు. ఆరినకొలది నీరు తగ్గుటయే గాక మొత్తమును తగ్గునని వారు మరచుచున్నారు. పదునైదు కిలోలు తీయువారి లెక్కయు నిలువదు. 2025–26 సంవత్సరమునకు సాధారణ రకపు ధాన్యమునకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. ఆ ధరకు ఈ న్యాయమైన తరుగు వెల సుమారు 243 రూపాయలు. ఇరువది పుట్లు అమ్ము రైతునకు 4,850 రూపాయలు. ఇది ఒక్క శాతమునకు మాట.

ఒకానొకచోట, పేరు చెప్పుట యనవసరము, ఒకే బస్తాలోని ధాన్యమును రెండు యంత్రములలో పోయగా ఒకటి 16.8 అనియు, వేరొకటి 18.1 అనియు చూపుట నేను కన్నులార చూచితిని. రైతు మొదటిది సరియనెను. కొనువారు రెండవది సరియనిరి. ఇరువురును అద్దమునే చూపిరి. ఆ రెండు యంత్రముల లోపల ఏ లెక్క జరిగినదో యడిగినవారు లేరు; అడిగినను చెప్పగలవారు లేరు. బల్లపై నున్న ఈ పిల్లల యంత్రమును విప్పి చూపుట ఆ ప్రశ్న యడుగుట నేర్చుటకే.

ముందొక భేదము గుర్తుంచుకొనవలెను. ఈ బిళ్ళ కొలుచునది గాలిలోని తేమను. కొనుగోలు యంత్రము కొలుచునది గింజలోని తేమను. కొలుచు పనిముట్లు వేరు; లోపలి కచేరీ మాత్రమొకటే. ఆ కచేరీలో ముగ్గురు కలరు. సమాచారము తెచ్చువాడు సెన్సారు. లెక్క కట్టువాడు మైక్రోకంట్రోలరు. ఆ లెక్కను చదివి వినిపించువాడు అద్దము. మైక్రోకంట్రోలరనగా గోరంత చీలికలో నిమిడిన సంపూర్ణమైన గణనయంత్రము. ఈ పలకమీది నల్లని ముక్కయే యది. దానికి సెకండునకు ఒక కోటి అరువది లక్షల తాళపు దెబ్బలు. ఆదేశములు వ్రాసికొనుటకు ముప్పదిరెండు వేల చిల్లర గళ్ళు. చిత్తు లెక్కకు రెండువేల చిల్లర గళ్ళు. ఈ పలకను ఆర్డుయినో యందురు. 2005లో ఇటలీ దేశమున ఇవ్రేయా యను పట్టణమందు విద్యార్థుల కొరకు దీనిని నిర్మించిరి. దీని చిత్తరువులను నిర్మాతలే లోకమునకు వెల్లడి చేసిరి. కావలసినవాడు చూచుకొనవచ్చును, చేసికొనవచ్చును. ఈ సంగతిని మనస్సునందుంచుడు, తరువాత పనికివచ్చును.

ఇక సెన్సారు మాట. డి.హెచ్.టి. 11 అను ఈ నీలపు బిళ్ళ తాను కొలిచిన దానిని మైక్రోకంట్రోలరునకు ఎట్లు విన్నవించునో తెలిసికొన్ననాడు నాకు కలిగిన సంతోషమును దాచలేను. అది గురు లఘువులలో చెప్పును! పిలుపు వచ్చినతోడనే యొక్క తీగెపై విద్యుత్తును ఎత్తుచు దించుచు వరుసగా నలువది స్పందనముల నంపును. సెకండును పది లక్షల భాగములు చేసి, అందు ఇరువదియారు ఇరువదియెనిమిది భాగములపాటు నిలిచిన స్పందనము లఘువు. డెబ్బది భాగములపాటు నిలిచినది గురువు. లఘువునకు విలువ సున్న, గురువునకు ఒకటి. ఈ నలువదింటిని ఎనిమిదేసి చొప్పున విరిచినచో ఐదు పాదములగును. ఎనిమిదక్షరముల పాదమును గురులఘువులతో ఎన్ని విధములుగ ప్రస్తరింపవచ్చునో ఛందశ్శాస్త్రము చదివినవారికి తెలియును, 256 విధములు. అనుష్టుప్ఛందమునకు చెప్పిన వృత్తముల సంఖ్యయు నదియే. కనుక ఒక్కొక్క పాదమున సున్న మొదలు 255 వరకు ఏ సంఖ్యనైనను ఇముడ్పవచ్చును. రెండు లఘువులు, నాలుగు గురువులు, ఒక లఘువు, ఒక గురువు వచ్చినచో అది 61. పద్యము గణబద్ధమైనట్లే యంత్రపు మాటయు గణబద్ధము.

ఆ ఐదు పాదములలో మొదటిది తేమ, రెండవది తేమలోని భిన్నము, మూడవది వేడిమి, నాలుగవది వేడిమిలోని భిన్నము. మరి యైదవది? అదియే ఈ యంత్రమునందు నాకు మిక్కిలి నచ్చినది. అది మొత్తము. చిట్టా పుటకు అడుగున మనము మొత్తము వేయుదుము గదా, అట్టిదే. తేమ 61, భిన్నము సున్న, వేడిమి 31, భిన్నము సున్న అయినచో ఐదవ పాదము 92 కావలెను. మొత్తము 255 దాటినచో 256ను కొట్టివేసి మిగిలినదానిని వ్రాయుదురు. దారిలో తీగె కదలియో, ప్రక్కన మోటారు తిరిగియో ఒక లఘువు గురువైనచో మొత్తము కుదరదు. అంతట ఆ పద్దును త్రోసివేయవలెను.

త్రోసివేయవలెనని నిర్ణయించువాడెవడు? ప్రోగ్రాము వ్రాసినవాడు. ప్రోగ్రామనగా మైక్రోకంట్రోలరునకు వ్రాసి యిచ్చిన ఆజ్ఞాపత్రము. దానికి రెండు భాగములు. విద్యుత్తు తగిలినప్పుడు ఒక్కసారి చేయవలసిన పనులు మొదటిది. ఏ తీగె దేనికి, అద్దమునకు వరుసలెన్ని అను ఏర్పాట్లు. సంవత్సరారంభమున కొత్త చిట్టా కుట్టి శీర్షికలు గీయుట వంటిది. రెండవది విద్యుత్తు ఉన్నంతసేపు మరల మరల చేయవలసిన పని. పిల్లలు వ్రాసిన రెండవ భాగమును తెనిగించి చదివెదను వినుడు: బిళ్ళను అడుగుము, నలువది స్పందనములు అందుకొనుము, నాలుగు పాదములను కూడి ఐదవ దానితో పోల్చుము, కుదరనిచో అద్దముపై గీతలు మాత్రము వేయుము, కుదిరినచో పాత యంకెను తుడిచి కొత్త యంకెను వ్రాయుము, రెండు సెకండ్లు ఆగుము, మొదటికి రమ్ము. ఇంతియే. మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలో నిమిడ్చిన పావులూరి మల్లన నేడున్నచో ఈ యాజ్ఞలను కూడ కందములలో కూర్చియుండెడివాడేమో! ప్రస్తుతమునకు ఇంగ్లీషు మాటల పొట్టి వాక్యములలో వ్రాయుచున్నారు. వాక్యాంతమునందలి యొక్క చిన్న గురుతు లోపించినను కంప్యూటరు ఆ ప్రోగ్రామును స్వీకరింపదు. యతి తప్పిన పద్యమును పండితులు స్వీకరింపనట్లు.

కాని వాక్యము శుద్ధముగ నున్నంతమాత్రమున లెక్క శుద్ధమని తలపరాదు. కుదరనిచో గీతలు వేయుమను నాజ్ఞను వ్రాయకుండ వదలినవాడు కలడనుకొందము. బిళ్ళ తీగె యూడిపోయినను అద్దముపై పాత యంకె యట్లే నిలిచియుండును. నిన్నటి నిలువను నేటి పుటలో నెత్తి వ్రాసినట్లే. అంకె మెరయుచునే యుండును గనుక చూచువానికి సందేహము రాదు. బాలురు మీ యెదుట తీగెను పీకి చూపింతురు. ఈ యంత్రము గీతలు వేయును. మీరు బయట చూచు యంత్రమేమి చేయునో పరీక్షించి చూడదగినదే.

పాత యంకెను తుడువుమను నాజ్ఞ మరియొకటి కలదు. ఈ యద్దము తనంత తాను దేనిని తుడువదు. 17.2 అని వ్రాసిన చోట తరువాత 9.8 అని వ్రాసినచో, మొదటి మూడు గళ్ళే మారును. నాలుగవ గడిలోని పాత 2 అట్లే నిలిచి 9.82 అని కనబడును. ఇంతవరకు నవ్వుకొనవచ్చును. నూరు తరువాత తొంబదితొమ్మిది వచ్చినచో అద్దము 990 అని చదువును! మనము పుస్తకములో అంకెల వెనుక ఖాళీ వదలక అడ్డగీత గీయుట యెందులకో, యంత్రమునందు అంకె వెనుక ఖాళీ గళ్ళు వ్రాయుట అందులకే.

మూడవది భిన్నము. ప్రోగ్రామునందు పూర్ణసంఖ్యల గడిలో వేసిన 17.9 అనునది 17గా మిగులును; తొమ్మిది పదవవంతులు ఎటుపోయెనో చెప్పువారుండరు. మరియొకడు దగ్గరి యంకెకు సవరించి 18 అని చూపును. గింజ యొకటే, కొలత యొకటే. అద్దములు రెండు, ధరలు రెండు. కనుక 17 దగ్గర తీర్పు చెప్పవలసిన యంత్రము పదవవంతునైనను చూపకుండుట నా దృష్టిలో సహింపరానిది.

ఇక ధాన్యపు తేమ యంత్రమునకు వత్తము. దాని సెన్సారు వేరు. గింజలు పోయు గిన్నెలో రెండు లోహపు రేకులుండును. వాని నడుమనున్న పదార్థమునుబట్టి అవి విద్యుత్తును నిలువచేసికొను శక్తి మారును. నీటికి ఈ గుణము గాలికంటె సుమారు 80 రెట్లు. ఎండిన గింజకు మిక్కిలి తక్కువ. కనుక గింజలో నీరు పెరిగినకొలది ఆ శక్తి పెరుగును. దానిని విద్యుత్పీడనముగా మార్చి మైక్రోకంట్రోలరునకు అందింతురు. అది ఆ పీడనమును సోపానములుగా విభజించును. ఈ పలకకైతే 1,024 మెట్లు. అనగా యంత్రమునకు తెలిసినది 558వ మెట్టు అని మాత్రమే. అందులో తేమ యను మాటయే లేదు, శాతమను మాటయే లేదు.

558 మెట్లకు 17 శాతమని యెవరు చెప్పిరి? ఇదియే నేడు నేను చెప్పవలసిన ముఖ్య విషయము. తేమ యెంతయో ముందే నిశ్చయముగ తెలిసిన ధాన్యములను ఆ గిన్నెలో పోసి, మెట్లను వ్రాసికొని, పట్టిక యొకటి తయారుచేయుదురు. ఉదాహరణమునకు 12 శాతపు ధాన్యము 412 మెట్లును, 18 శాతపు ధాన్యము 587 మెట్లును చూపినవనుకొందము. 175 మెట్లకు 6 శాతములు. శాతమునకు సుమారు 29 మెట్లు. త్రైరాశికము వేసినచో 558 మెట్లకు 17. నిజమైన యంత్రములలో రెండు బిందువులు చాలవు, రేఖయు నిటారుగ నుండదు. అయినను లెక్క స్వభావమిదియే. ఆ పట్టిక వరికి వేరు, బియ్యమునకు వేరు, వేరుసెనగకు వేరు. గింజ వేడిగా నున్నచో మెట్లు మారును. అందుచేతనే మంచి యంత్రములలో వేడిమి సెన్సారు కూడ నుంచి సవరణ చేయుదురు. గిన్నెలో వదులుగ పోసిన నొక యంకె, అదిమి పోసిన నొక యంకె. బొద్దుగింజ రకమునకు కట్టిన పట్టికతో మన నెల్లూరు మసూరి వంటి సన్నరకమును కొలిచినచో అంకె కొంత జరుగుట యసంభవము కాదు. మీటను వరియందు గాక వేరొక గింజయందుంచి కొలిచినచో, ఆ యంత్రము సిగ్గుపడదు. నిబ్బరముగా నొక యంకెను చూపును.

మరి ముందే నిశ్చయముగ తెలిసిన తేమ యెట్లు తెలిసెను? త్రాసు వలన. ధాన్యమును పొడిచేసి, తూచి, సుమారు 130 డిగ్రీల వేడిగల పెట్టెలో రెండు గంటలుంచి, తేమ తగులకుండ చల్లార్చి, మరల తూతురు. పది గ్రాములలో ఒక గ్రాము 700 మిల్లీగ్రాములు తగ్గినచో తేమ 17 శాతము. ఇందులో రహస్య మేమియు లేదు. మన ముత్తాతలకు చెప్పినను తెలియును. యంత్రములన్నియు ఈ త్రాసుకు అప్పుపడినవే. అప్పుడప్పుడు ఈ త్రాసుతో సరిచూడని యంత్రము, ఏండ్లతరబడి తనిఖీ లేని చిట్టా వంటిది.

కావున రైతు సోదరులు కొనుగోలు బల్లయొద్ద కోపపడుటకంటె నాలుగు మాటలడుగుట మేలు. మీట వరిమీదనే యున్నదా? ఒక్క బస్తానుండి గాక మూడు నాలుగింటినుండి గింజలు తీసి, మూడుమారులు కొలిచి, సగటు వ్రాయుచున్నారా? ఎండలోనుండి అప్పుడే తెచ్చిన గింజకు చల్లారుటకు వ్యవధి యిచ్చిరా? యంత్రమును త్రాసుతో సరిచూచిన తేదీ యెక్కడ వ్రాసియున్నది? కొనువారిని దొంగలనుటకు గాదు ఇవి. అక్కడ కూర్చున్న యువకునకు కూడ యంత్రపు లోపలి సంగతి యెవరును చెప్పియుండరు. అతడును అద్దమును నమ్మి మాట పడుచున్నాడు. ఈ ఆర్డుయినో పలకవలె తేమ యంత్రముల పట్టికలు కూడ అందరికి కనబడునట్లు ప్రకటింపవలెనని నా యభిప్రాయము. వోచరు చూపని పద్దును నేను చేర్చను. పట్టిక చూపని యంత్రమునకు మాత్రము మినహాయింపు ఎందులకు?

రైతులే కొలిచి రైతులే వ్రాసిన నిదర్శనము మన పొరుగుననే కలదు. ఈ శతాబ్దపు తొలి దశకమున, ప్రకాశము, కడప, అనంతపురము మొదలుగా ఏడు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నొక భూగర్భజల పథకము నడచినది. బోర్లలో నీటిమట్టమును, వర్షపాతమును రైతులు స్వయముగ కొలిచి ఊరి బోర్డుపై రంగుతో వ్రాసిరి. ఆ యంకెలనుబట్టి ఏ పంట వేయవలెనో కూర్చుండి లెక్క వేసికొనిరి. వారి అద్దము గోడయే. ఆ గోడమీది యంకెను కొలిచినవాడు ఊరిలోనే యుండెను గనుక సందేహము వచ్చినవాడు పోయి యడుగగలిగెను.

అద్దమును గూర్చి యొక్క మాట. ఈ చిన్న యద్దములో తయారుచేసినవారే పెట్టిన యక్షరములు కొన్ని కలవు. ఇంగ్లీషు కలదు, జపానువారి లిపి కలదు, తెలుగు లేదు. స్వంతముగ గీసికొనుటకు ఎనిమిది యక్షరముల చోటు మాత్రమిచ్చిరి. ఒక్కొక్క దానికి అడ్డముగ ఐదు, నిలువుగ ఎనిమిది చుక్కలు. ఐదు చుక్కల వెడల్పులో తలకట్టు పెట్టి, ఏత్వమిచ్చి, పొట్ట తిప్పుట యెంత కష్టమో ఊహింపుడు. పిల్లలు ‘తేమ’ అను మాటకు నాలుగు గళ్ళు, ‘వేడి’ అను మాటకు నాలుగు గళ్ళు వెచ్చించి, ఎనిమిదింటిని సరిపెట్టినారు. అక్షరములు కొంచెము వంకరగ నున్నను చదువుటకు వీలగుచున్నవి. అడ్డముగ 128, నిలువుగ 64 చుక్కలుగల వేరొక జాతి తెర దొరకుచున్నదట. దానిపై తెలుగును బొమ్మగా గీయవచ్చును. చందాలలో మిగులు కనబడినచో కార్యవర్గమువారు ఆలోచింతురుగాక.

ఈ బిళ్ళ పరిమితిని కూడ చెప్పక తప్పదు. దీని తేమ యంకెకు ఐదు వరకు అటునిటు తేడా యుండవచ్చునని తయారీదారులే చెప్పుచున్నారు. 60 అని చూపినచో 55 మొదలు 65 వరకు ఏదైనను కావచ్చును. అయినను విత్తనము దాచుకొనువారికి ఇది పనికివచ్చును. ధాన్యమును డబ్బాలో ముప్పాతిక వంతు నింపి, ఈ బిళ్ళను లోపల వ్రేలాడదీసి, మూత బిగించి కొన్ని గంటలు కదల్పకుండ నుంచినచో, గింజలోని తేమకు తగినట్లు లోపలి గాలి తేమ వచ్చి నిలుచును. పదునాలుగు శాతపు వడ్లకు ఆ గాలి యంకె డెబ్బదియైదు దరిదాపున నుండును. అరువదియైదు దాటినకొలది బూజుభయము పెరుగునని గుర్తు. కావున వచ్చే విత్తుకు దాచిన వడ్లున్నవారు గట్టి మూతగల డబ్బాలో కిలోకు తక్కువ కాకుండ తెచ్చి ఇచ్చినచో, సాయంత్రము ఇచ్చినవారికి మరునాటి యుదయము అంకె చెప్పబడును. తెచ్చినవారి పేరు, రకము, డబ్బా పెట్టిన వేళ, చూచిన వేళ, చూచినవాని సంతకము వేయుటకు నేనొక పుస్తకము గీసి ద్వారము ప్రక్కన వ్రేలాడదీయించినాను. చందాదారులు కానివారును తేవచ్చును.

ఇప్పుడు బాలురు ఆ బిళ్ళపై నోటితో ఊది చూపింతురు. తేమ యంకె గబగబ పైకి లేచి, పిదప నెమ్మదిగా దిగును. అద్దము చిన్నది గనుక ముందు వరుసవారు చూచిన వెంటనే ప్రక్కకు తొలగి, వెనుకనున్న అమ్మలకు చోటియ్యవలసినదిగా కోరుచున్నాను.